టైల్స్, గ్రానైట్ వేసే మేస్త్రీకి లైసెన్సు కావాలా?

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఇళ్లకు టైల్స్ వేయడానికి, వంటగట్టుకు గ్రానైట్ బిగించడానికి మేస్త్రీకి ప్రత్యేక లైసెన్సు అవసరం లేదు. కరెంటు పనికి వైర్‌మన్ పర్మిట్ ఉన్నట్టు చట్టం ఈ పనికి అనుమతి పెట్టలేదు. పెద్ద మేస్త్రీ పక్కన చేస్తూ నేర్చుకోవడమే అసలు శిక్షణ. ఉదాహరణకు, వేసిన టైలును తట్టినప్పుడు బోలుగా మోగితే కింద సిమెంటు నిండలేదని అర్థం. ఆ తేడా చెవికి పట్టుబడాలంటే ఓపికగా పని చేయాలి.

చాలామంది లేబర్ కార్డునే లైసెన్సు అనుకుంటారు. అది 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టంతో మొదలైంది; 18–60 ఏళ్ల మధ్య ఉండి, గత 12 నెలల్లో కనీసం 90 రోజులు పనిచేసినవారికి ఇచ్చే సంక్షేమ గుర్తింపు. పనితనానికి హామీ కాదు. అయినా ప్రమాదం జరిగితే కుటుంబానికి దానితో సాయం అందుతుంది కనుక తప్పక తీసుకోవాలి.