ఇల్లు – పనిముట్లు: బ్రేకర్‌ను దిమ్మిసగా వాడవచ్చునా?

ప్రశ్న: మాది ఒంగోలు శివారు, నల్లరేగడి నేల. ఇంటి గోడకూ ప్రహరీకీ మధ్య 3.5 అడుగుల వెడల్పు, 25 అడుగుల పొడవున సందు ఉంది. అందులో గ్రావెల్ పోసి, గట్టిపరచి, మీద చీమకుర్తి రాయి పరిపించాలనుకుంటున్నాము. బేల్దారి మేస్త్రి ప్లేట్ కంపాక్టర్ (నేలను అదిరించి అణచే యంత్రం) అద్దెకు తెమ్మంటున్నారు. మా బావమరిది దగ్గర గోడలు పగలగొట్టే 16 కిలోల కరెంటు బ్రేకర్ ఉంది. దాని పాత ఉలికి ఇనుప పలక వెల్డింగ్ చేయిస్తే చాలునని ఆయన వాదన. ఇది నిజంగా పనిచేస్తుందా? – ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: మీ బావమరిదిగారి ఆలోచన మంచిదే కాని, ఉలికి వెల్డింగ్ అన్న మాట మాత్రం నేను ఒప్పుకోలేను.

ముందు చేతి దిమ్మిసతో పోల్చి చూడండి. 8 కిలోల దిమ్మిసను అడుగు ఎత్తు లేపి వదిలితే ఒక్కో దెబ్బకు సుమారు 24 జౌళ్ల శక్తి నేలకు చేరుతుంది. మీరు చెప్పిన తరగతి బ్రేకర్లు దెబ్బకు 45 జౌళ్లు, కాస్త అటూ ఇటూగా, ఇస్తాయి. దెబ్బ బలం రెట్టింపే అయినా, మనిషి నిమిషానికి 30 దెబ్బలు వేయడమే గగనమైన చోట ఈ యంత్రం 1,300 వరకు వేస్తుంది. ఆ శక్తి అంతా ఉలి మొన మీద పడితే కాంక్రీటు పగులుతుంది. 8 అంగుళాల చదరపు పలక మీద పరుచుకుంటే గ్రావెల్ అణుగుతుంది. పని తొందరగా తెమలుతుందని అడుగు చదరపు పలక పెట్టించకండి. వైశాల్యం రెండింతలు దాటుతుంది, 10 మిల్లీమీటర్ల మందం పలక బరువు 3 కిలోల నుంచి 7 కిలోలకు పెరుగుతుంది, దెబ్బలో చాలా భాగం ఆ ఇనుమును కదిలించడానికే ఖర్చవుతుంది.

ఇక వెల్డింగ్ సంగతి. బ్రేకర్ ఉలి గట్టిపరచిన ఉక్కు. మామూలు రాడ్డుతో అతికితే అతుకు పక్కనున్న లోహం పెళుసుబారుతుంది, పైకి మాత్రం చక్కగా కనిపిస్తుంది. నేనూ ఒకసారి అలాగే చేయించుకున్నాను. మొదటి రోజు పని బ్రహ్మాండంగా సాగింది. రెండో రోజు ఉదయం పలక గ్రావెల్‌లోనే ఉండిపోయింది, అతుకుకు అర అంగుళం పైన విరిగిన ఉలి నా చెప్పు అంచును గీసుకుంటూ నేలలో దిగింది. ఆ రోజు నుంచి బూట్లు లేకుండా ఈ యంత్రం ముట్టుకోలేదు.

మీ బ్రేకర్‌కు సరిపోయే దిమ్మిస పలక షాంక్‌తో (యంత్రంలో దూరే కాడతో) సహా యంత్రాల విడిభాగాల దుకాణాలలో దొరికితే అదే కొనండి. లేదంటే లేత్ పనివాని చేత పాత ఉలి కింది కొసను కొద్దిగా సన్నబడేలా చెక్కించి, అదే వాలుతో లోపలి కన్నం ఉన్న మెత్తని ఇనుప బుష్‌ను (పొట్టి గొట్టం ముక్కను) పలక నడుమ వెల్డింగ్ చేయించి, నాలుగు వైపులా మూడు మూలల ఆనింపు ముక్కలు పెట్టించండి. ఈ ఏర్పాటులో అతుకు అంతా మెత్తని ఇనుముకూ మెత్తని ఇనుముకూ మధ్యనే ఉంటుంది, ఉలి దెబ్బల ఊపుకే బుష్‌లో బిగుసుకుంటుంది. పలక అంచులను గుండ్రంగా గ్రైండింగ్ చేయించకపోతే గ్రావెల్ మీద నెలవంకల వంటి గాట్లు పడతాయి.

యంత్రం ఎలాగూ కుదురుతుంది. పని చెడేది ఎక్కువగా సరుకు దగ్గరే. ఒకే సైజు 20 మిల్లీమీటర్ల కంకర ఎంత కొట్టినా రాళ్లు పక్కకు జరుగుతాయే గాని ఒకదానినొకటి పట్టుకోవు. చిన్నా పెద్దా రాళ్లూ, నడుమ సందులు నింపే పొడీ కలిసిన గ్రావెల్ కావాలి. పొడి తక్కువైతే క్రషర్ డస్ట్ కలపండి. తడి కూడా అంతే ముఖ్యం. గుప్పెడు తీసుకుని పిసికితే ముద్ద కావాలి, నడుము ఎత్తు నుంచి వదిలితే రెండు మూడు ముక్కలు కావాలి. పొడిగా రాలిపోతే నీళ్లు చల్లండి, చేతికి బురద అంటితే ఒక పూట ఆరనివ్వండి.

మీ నేల నల్లరేగడి కాబట్టి పై మట్టిని కనీసం 9 అంగుళాలు తీసివేయండి. వానకు ఉబ్బి ఎండకు బీటలిచ్చే ఆ మట్టి కదిలితే మీద ఏ దిమ్మిస చేసినా రాళ్లు లేస్తాయి. కనుక సందులో నీరు నిలవకుండా ఇంటి గోడ నుంచి ప్రహరీ వైపుకు వాలు కూడా ఉంచండి. గ్రావెల్‌ను ఒకేసారి పోయకుండా 4 అంగుళాల పొరలుగా రెండు విడతలు పోస్తే, ఒక్కోటీ అణిగి సుమారు 3 అంగుళాలవుతుంది. మొత్తం 58 ఘనపుటడుగుల సరుకు సరిపోతుంది. పలకను సగం సగం మీదకు ఎక్కిస్తూ, ఒక్కో చోట ఎనిమిది సెకన్లు ఉంచితే, పొరకు దాదాపు గంట పడుతుంది. యంత్రాన్ని నేలకు అదిమి పట్టనక్కరలేదు, దాని బరువే చాలు. ఎత్తే ముందు మాత్రం స్విచ్ వదలండి.

తడి నేల మీద కరెంటు యంత్రం కనుక 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపే స్విచ్) ఉన్న లైను నుంచే తీసుకోండి, సన్నని ఎక్స్‌టెన్షన్ వైరు వాడకండి. పదేసి నిమిషాలకు చేయి మార్చుకోండి. వేళ్లు తిమ్మిరెక్కితే ఆ పూటకు ఆపేయవలసిందే. నీళ్ల పైపు ఎక్కడుందో ముందే చూసుకోండి.

కారు నిలిపే ముందరి జాగాకు ఈ పద్ధతి పనికిరాదు, అక్కడ మీ మేస్త్రి మాటే వినండి.

ప్రశ్న: మా వసారాలో పెన్న ఇసుక నింపాము. ఇదే పలకతో ఇసుకనూ గట్టిపరచవచ్చునా? – ఒక పాఠకురాలు, కోవూరు

జవాబు: వద్దండి. పొడి ఇసుకలో పలక ఒక వైపు దిగబడి మరో వైపు ఇసుకను పైకి నెట్టుతుంది. పొరపొరకూ ఇసుక మునిగేలా నీళ్లు పెట్టి, ఇంకనిచ్చి, చేతి దిమ్మిసతో పైపైన కొట్టించండి. గోడల మూలల్లో మాత్రం గడ్డపారతో పొడిపించండి, ఇసుక అక్కడే బోలుగా మిగులుతుంది.