ఓడ ఆగిపోయింది, మా అమ్మాయి సంగతేమిటి?

ప్రశ్న: మా అమ్మాయి ఉస్మానియాలో జియోఫిజిక్స్ ఎమ్మెస్సీ పూర్తిచేసింది. సముద్రం అడుగున పరిశోధన కోసం తవ్విన బోర్ల లాగ్‌లను (లోతువారీగా తీసిన కొలతల రికార్డులను) సరిచేసి, నాణ్యత పరీక్షించే ప్రాజెక్టులో రెండేళ్ల అవకాశం వచ్చింది. అసలు ఆ తవ్వకాల ఓడే ఆగిపోయిందట. అమీర్‌పేటలో డేటా సైన్స్ కోర్సులో చేర్చమని బంధువులు అంటున్నారు. ఏది మేలు?
– ఒక తండ్రి, ఉప్పల్

జవాబు: ఏటా ఎండాకాలంలో ఇలాంటి ఉత్తరాలు వస్తూనే ఉంటాయి. కోర్సు పేరు మారుతుంది, భయం మారదు. చుట్టాలకు చెబితే అర్థంకాని పనిలో పిల్ల స్థిరపడదేమో అన్నదే మీ బెంగ. ముందు దాని సంగతి చూద్దాం.

ఓడ గురించి మీరు విన్నది నిజమే. 1985 నుంచి ప్రపంచ సముద్రాల్లో తవ్విన జాయిడెస్ రిజల్యూషన్ 2024లో ఆ పని ముగించింది. కానీ జపాన్ ఓడ చిక్యు ఉంది. జపాన్, యూరప్ దేశాలు కలిసి 2025లో కొత్త తవ్వకాల కార్యక్రమం మొదలుపెట్టాయి. పాత లాగ్‌లు అమెరికాలోని లామాంట్ పరిశోధన కేంద్రం భాండాగారంలో అందరికీ ఉచితంగా దొరుకుతాయి. 2006లో ఇదే ఓడ మన కృష్ణా-గోదావరి బేసిన్‌లో గ్యాస్ హైడ్రేట్ల (మంచులాంటి పదార్థంలో చిక్కుకున్న సహజవాయువు) కోసం తవ్వింది. ఓడ రేవుకు చేరినంత మాత్రాన ఆ లాగ్‌ల మీద పని అయిపోదు.

ఇంతకీ ఆ పని ఏమిటో చెబుతాను. పరికరాన్ని కేబుల్‌తో బోరు అడుగుకు దించి, పైకి లాగుతూ కొలతలు తీస్తారు. అలలకు ఓడ ఊగుతుంది, కేబుల్ సాగుతుంది. అందుకే రెండుసార్లు లాగితే ఒకే పొర రెండు వేర్వేరు లోతుల్లో కనిపిస్తుంది. సముద్రం అడుగు దగ్గర గామా విలువ (రాళ్ల నుంచి సహజంగా వెలువడే కిరణాల కొలత) ఒక్కసారిగా పెరిగే చోటును సున్నాగా పట్టుకుని, మిగతా లాగ్‌లను దానికి సరిచేయాలి. బోరు పైభాగంలో పరికరం డ్రిల్ పైపు లోపల ఉంటుంది. ఉక్కు అడ్డంగా ఉండటంతో గామా విలువలు తగ్గుతాయి. అక్కడ రాయి మారిందనుకుంటే పొరపాటే.

ఇక సాంద్రత లాగ్ ఒకచోట ఘన సెంటీమీటరుకు 1.7 గ్రాముల నుంచి 1.1కి పడిపోయిందనుకోండి. మెత్తని బురద పొర దొరికిందని సంబరపడే ముందు పక్కనున్న క్యాలిపర్ గీత, అంటే బోరు వ్యాసం కొలత, చూడాలి. అక్కడే బోరు వ్యాసం బాగా పెరిగి ఉంటే గోడ కూలిందన్న మాట. పరికరం గోడకు ఆనలేదు, కొలిచింది చాలావరకు సముద్రపు నీటినే. ఆ విలువలు నమ్మదగినవి కావని గుర్తుపెట్టి, కారణం నివేదికలో రాయాలి. రెండేళ్లపాటు రోజూ ఇలా చూసిన కన్ను ఏ కోర్సులోనూ రాదు.

ఇక అమీర్‌పేట. నా సందేహాలు దాచుకోను. ఆ కోర్సుల నుంచి వచ్చే పిల్లల బయోడేటాలు చాలానే చూస్తుంటాను. అందరిదీ సాధన కోసం ఇచ్చే అదే టైటానిక్ ప్రయాణికుల డేటా, అవే ఇళ్ల ధరల అంచనాలు. అంకెలు ఎక్కడి నుంచి వచ్చాయి, ఎవరు ఎలా కొలిచారు అని అడిగితే మౌనం. పైన చెప్పిన 1.1ని అలాగే కంప్యూటర్ మోడల్‌కు ఇస్తే అది బురదనే నేర్చుకుంటుంది. తప్పును పట్టేది బోరు తెలిసిన మనిషే. పైథాన్ ప్రోగ్రామింగ్ భాష మాత్రం అమ్మాయి తప్పకుండా నేర్చుకోవాలి, లాగ్‌ల పనిలోనూ అది కావాలి. దానికోసం చదివిన చదువును వదులుకోవలసిన అవసరం లేదు.

మీమీద కొంచెం కోపంగానే ఉంది. ఉత్తరంలో బంధువుల మాట ఉంది, మీ మాట ఉంది. అమ్మాయి ఏమనుకుంటోందో ఒక్క ముక్క లేదు. ఇన్నేళ్లు చదివించి, చేతికి పని వచ్చిన రోజున పక్కింటి అబ్బాయి జీతంతో తూకం వేస్తే ఆమె మనసు ఏమవుతుంది? మీరున్న ఉప్పల్ రోడ్డులోనే జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐ ఉంది. ఒకసారి ఆమెతో వెళ్లి అక్కడివాళ్లతో మాట్లాడారా?

పోలిక అడిగారు కనుక ఉన్నమాట చెబుతాను. ప్రాజెక్టు ఉద్యోగం శాశ్వతం కాదు, నిధులు ఆగితే అదీ ఆగుతుంది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం దొరికితే మొదటి జీతం అక్కడే ఎక్కువ ఉండవచ్చు, ఆ దొరకడమే ఇప్పుడు కష్టం. లాగ్‌లు చదవడం వచ్చినవారి అవసరం చమురు, బొగ్గు, భూగర్భ జలాల రంగాల్లోనూ ఉంది, బేగంపేటలోని అణు ఖనిజాల సంస్థలోనూ ఉంది. గేట్, యూపీఎస్సీ జియో సైంటిస్ట్ పరీక్షల గురించి అమ్మాయికి నాకంటే బాగా తెలుసు. నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పరిశోధన చేసేవారికిచ్చే ఫెలోషిప్) వస్తే నెలకు ₹37,000, ఇంటి అద్దె భత్యం అదనం. కాబట్టి చేరనివ్వండి. రెండేళ్లు దాటాక మాత్రం పొడిగింపుల మీద ఆధారపడవద్దు, ఈలోపే ఆ పరీక్షలు రాయాలి.

చేరేముందు ప్రాజెక్టు నడిపే శాస్త్రవేత్తను మూడు విషయాలు అడగమనండి: సరిచేయని ముడి లాగ్‌లు తన చేతికి ఇస్తారా, నివేదికలో తన పేరు ఉంటుందా, పరీక్షలకు సెలవు దొరుకుతుందా. ఈ మాటలు ఆమే అడగాలి. మీరు వెంట వెళ్లి మాట్లాడకండి.