రేడియో కోసం బీటెక్ మానేస్తానంటోంది, ఏం చేయాలి?

ప్రశ్న: మా అమ్మాయి నెల్లూరులో బీటెక్ ఈసీఈ రెండో సంవత్సరం చదువుతోంది. స్నేహితులతో కలిసి ఇంటర్నెట్ రేడియో పెట్టింది. ఇప్పుడు చదువు మానేసి హైదరాబాద్‌లో ఆర్జే కోర్సు చేస్తానంటోంది. మూడు నెలలకు లక్షన్నర ఫీజు. ఏ దారి మంచిదో పోల్చి చెప్పండి. చుట్టాలకు ఏం చెప్పుకోవాలో తెలియక టెన్షన్‌గా ఉంది. – ఒక తండ్రి, కావలి

జవాబు: మీ ఉత్తరంలో ఫీజు ఎంతో ఉంది, చుట్టాల మాట ఉంది. అమ్మాయి రేడియోలో ఏం మాట్లాడుతుందో ఒక్క ముక్క లేదు. మీరు వినలేదన్నమాట. ఇలాంటి ఉత్తరాలు నాకు చాలా వస్తాయి, అన్నింట్లోనూ ఇదే లోటు. వినకుండా పిల్ల దారి మంచిదా చెడ్డదా అని నన్నడిగితే ఎలాగండీ? చుట్టాలు ఆమె ఫీజు కట్టరు, రేపు ఉద్యోగమూ ఇప్పించరు. వాళ్లకు మీరు చెప్పుకోవాల్సింది ఏమీ లేదు.

ఇక ఆర్జే కోర్సు. నాకు దీనిమీద నమ్మకం తక్కువ. ప్రైవేట్ ఎఫ్‌ఎం స్టేషన్‌లో మైకు ముందు కూర్చునేవాళ్లు కొద్దిమందే. ఒక ఊళ్లో తయారైన కార్యక్రమాన్ని అదే కంపెనీ తన మిగతా స్టేషన్లలోనూ వేసుకోవచ్చు, కాబట్టి చిన్న ఊళ్లలో ఆ కొద్ది ఖాళీలూ తగ్గుతాయి. సొంతంగా వార్తలు చెప్పడానికి వాటికి అనుమతి లేదు, అందుకే ఎక్కువ భాగం సినిమా పాటలతోనే నడుస్తుంది. మూడు నెలల్లో కోర్సువాళ్లు నేర్పేది కూడా చాలాచోట్ల ఒకే రకం గొంతు, ఒకే రకం ఉత్సాహం. నెల్లూరు యాసను తుడిచేసి పంపుతారు. ఆ యాసే ఆమెకున్న ఆస్తి అని నేననుకుంటాను.

ఇంటర్నెట్ రేడియో పెడితే దానంతటదే బతుకుతుందని అమ్మాయి అనుకుంటుంటే ఆ లెక్క కూడా చూడాలి. ఎఫ్‌ఎం ట్రాన్స్‌మిటర్‌కు పదిమంది విన్నా పదివేలమంది విన్నా ఖర్చు ఒకటే. నెట్‌లో అలా కాదు, వినేవాళ్లు పెరిగేకొద్దీ డేటా పెరుగుతుంది. 64 కేబీపీఎస్ (సెకనుకు 64 కిలోబిట్ల డేటా) వేగంలో ఒక మనిషి గంట వింటే దాదాపు 29 ఎంబీ. 500 మంది వింటే గంటకు 14 జీబీ పైనే. ప్రకటనలు రాకముందే సర్వర్ బిల్లు వస్తుంది.

దీనికన్నా పెద్ద చిక్కు పాటలది. కాపీరైట్ చట్టంలోని 31డి సెక్షన్ కింద రేడియోలకు దొరికే లైసెన్సు ఇంటర్నెట్ ప్రసారానికి వర్తించదని బాంబే హైకోర్టు 2019లో టిప్స్ అనే మ్యూజిక్ కంపెనీకీ, వింక్ అనే పాటల యాప్‌కీ మధ్య నడిచిన కేసులో చెప్పింది. అంటే నెట్‌లో పాట వేయాలంటే హక్కుదారుల దగ్గర విడిగా అనుమతి తీసుకోవాల్సిందే. మీ అమ్మాయి సినిమా పాటలు వేస్తోందా? వేస్తుంటే వెంటనే ఆపించండి. మాటలు మాత్రమే ఉంచినా రేడియో నడుస్తుంది. జువ్వలదిన్నె రేవులో వేటకు వెళ్లేవాళ్లకు వాతావరణం, రొయ్యల రైతులకు కౌంట్‌ను (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో) బట్టి రేటు, సోమశిల నీళ్ల సంగతి, రొట్టెల పండుగ రోజుల్లో దర్గా దగ్గర ట్రాఫిక్: మన జిల్లాకు ఇవన్నీ రోజూ చెప్పే గొంతు కావాలి. ఆకాశవాణి కూడా తన రెండు వందలకు పైగా స్టేషన్లను న్యూస్ ఆన్ ఎయిర్ యాప్‌లో వినిపిస్తోంది. దుబాయ్‌లో ఉన్న మన ఊరి మనిషి కూడా వింటాడు. ఊరి కబురుకు గిరాకీ పోలేదు.

పోల్చమన్నారు కదా. అసలు ఇక్కడ రెండు దారులు లేవు. ఈసీఈలో ఆమె చదివే సిగ్నల్ ప్రాసెసింగ్, కమ్యూనికేషన్ సిస్టమ్స్, యాంటెనాలు, ఇవే రేడియోకు పునాది. ప్రసారాన్ని నెట్‌లోకి ఎక్కించే ఎన్‌కోడర్, సర్వర్ చూసుకునే మనిషి ప్రతి స్టేషన్‌కూ కావాలి. గొంతూ ఉండి, ఆ పనీ తెలిసినవాళ్లు అరుదు. బీటెక్ అయ్యాక కూడా రేడియో మీదే మనసుంటే తిరుపతి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో జర్నలిజం పీజీ ఉంది, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో కమ్యూనికేషన్ ఉంది. సెంట్రల్ యూనివర్సిటీకి సొంత కమ్యూనిటీ రేడియో కూడా ఉంది. ఆకాశవాణి క్యాజువల్ అనౌన్సర్ల నోటిఫికేషన్లు వచ్చినప్పుడు అర్హత చూసుకుని ఆడిషన్‌కు వెళ్లనివ్వండి. అది నిలకడైన జీతం కాదు, కానీ అక్కడి క్రమశిక్షణ ఏ కోర్సులోనూ దొరకదు.

మీ పిల్ల చెడిపోవడం లేదండీ. పంతొమ్మిది, ఇరవై ఏళ్లకే పదిమందిని కూర్చోబెట్టి ఒక పని నడుపుతోంది. అలాంటి పిల్లలు ఎక్కడో ఒకచోట నిలబడతారు, నేను చూస్తూనే ఉన్నాను. "మానేస్తా" అనే మాట చాలాసార్లు "నన్ను పట్టించుకోండి" అనే మాటే. ఈ వారం లింకు అడిగి ఒక కార్యక్రమం మొత్తం వినండి. బాగోలేని చోట బాగోలేదనే చెప్పండి, కానీ విన్నాకే చెప్పండి.

కోర్సు సంగతికి వస్తే, కిందటేడు చేరినవాళ్లలో ఎంతమంది ఏ స్టేషన్‌లో ఎంత జీతానికి ఉన్నారో కాగితం మీద రాసిమ్మని కోర్సువాళ్లను అమ్మాయినే అడగమనండి. ఇవ్వకపోతే అడ్వాన్సు కూడా కట్టొద్దు.