అద్దెకుంటూ అదే ఇంటిని కొనే ఒప్పందంలో ఏమేం రాయించుకోవాలి?

వనస్థలిపురంలో మీరు అద్దెకుంటున్న ఫ్లాటును రెండేళ్లలోపు 62 లక్షలకు కొనుక్కునే హక్కు ఇస్తానని, అందుకు ఇప్పుడే 5 లక్షలు కావాలని యజమాని అంటున్నారని రాశారు. ఇలాంటి ఒప్పందంతోనే నేను మల్కాజిగిరిలో మూడేళ్లు అద్దెకుండి చివరికి ఆ ఇల్లే కొన్నాను గనుక, నేను పొరపాటు పడిన చోట్లతో సహా చెబుతాను.

మొదట ఆ 5 లక్షలు దేనికో తేల్చుకోండి. ఆయన దాన్ని అడ్వాన్సు అంటారు, మీరు బయానా అనుకుంటారు. నిజానికి అది రెండేళ్లపాటు ఇల్లు మరొకరికి అమ్మకుండా, ధర పెంచకుండా ఆగినందుకు మీరిచ్చే ప్రతిఫలం. కాబట్టి మీరు కొనకపోతే అది తిరిగి రాకపోవడం అన్యాయమేమీ కాదు, కానీ ధరలో 8 శాతం వదులుకోవడం మాత్రం చాలా ఎక్కువని నా అభిప్రాయం. నేను 48 లక్షల ఇంటికి లక్షన్నర ఇచ్చాను. కొంటే అది ధరలో తగ్గాలని, యజమాని వెనక్కి తగ్గితే వడ్డీతో తిరిగి ఇవ్వాలని, లేదా రిజిస్ట్రేషన్ చేయించమని కోర్టుకు వెళ్లే హక్కు నాకుండాలని రాయించాను. రెండు నెలల అద్దె డిపాజిట్టును వేరుగా చూపించాము. ధర కదలకుండా ఉంటే యజమానికి నష్టం గనుక, రెండో ఏడాది నుంచి ఏటా 3 శాతం పెంచడానికి నేనే ఒప్పుకున్నాను.

నేను తప్పు చేసింది అద్దె దగ్గర. ఆ వీధిలో 14 వేలు నడుస్తుంటే నేను 17 వేలు కట్టాను. పైనున్న 3 వేలు ధరలో జమ అవుతాయని మాట మాత్రమే అనుకున్నాము, పత్రంలో మొత్తాన్నీ అద్దె అనే రాశాము. ఏడాది తిరిగేసరికి ఆయన దాన్ని మామూలు అద్దెగానే లెక్కపెట్టారు. పెద్దమనుషుల సమక్షంలో మళ్లీ రాసుకున్నాక, ప్రతి నెల రసీదులోనూ అద్దె ఎంత, జమ ఎంత అని రెండు వరుసలు వేయించాను. బోరు మోటారు కాలిపోయినప్పుడూ ఇదే తగవు: రేపు నీ ఇల్లే కదా అని ఆయన, ఈరోజు మీదే కదా అని నేను. 5 వేలు దాటిన మరమ్మతు రిజిస్ట్రేషన్ దాకా యజమానిదేనని ముందే రాసుకుని ఉంటే ఆ పేచీ ఉండేది కాదు.

ఆ ఇంటి మీద బ్యాంకు అప్పు ఉంటే మరీ జాగ్రత్త. మీరు నెలనెలా అద్దె కడుతున్నా యజమాని వాయిదాలు ఎగ్గొడితే, తాకట్టు ఇంటిని కోర్టుకు వెళ్లకుండానే స్వాధీనం చేసుకునే వీలు బ్యాంకుకిచ్చే 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల గడువుతో నోటీసు రావచ్చు. అందుకే ఈసీ (ఆ ఇంటి మీద రిజిస్టరైన తాకట్లు, అమ్మకాలు చూపే ధ్రువపత్రం) తీయించి, బాకీ ఎంతో బ్యాంకు నుంచి కాగితం తెప్పించి, ఈ ఒప్పందానికి బ్యాంకు రాతపూర్వక సమ్మతి తీసుకుని, అద్దెను నేరుగా ఆ లోను ఖాతాలోనే వేయండి.

డాక్యుమెంట్ రైటరు నోటరీ చాలంటాడు, వినకండి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999 సవరణతో అమ్మకపు ఒప్పందం కూడా తప్పనిసరిగా రిజిస్టర్ చేయించాల్సిన పత్రాల్లో చేరింది. మీది హక్కు మాత్రమే ఇచ్చే పత్రమైనా రిజిస్టర్ చేయించండి, ఆ తర్వాత కొనేవాడెవడూ నాకు తెలియదని అనలేడు. ధర 50 లక్షలు దాటింది కాబట్టి ధర కింద ఇచ్చే ప్రతి సొమ్ములోనూ 1 శాతం టీడీఎస్ (అమ్మేవారి తరఫున ముందే పట్టుకునే ఆదాయపు పన్ను) మినహాయించి ప్రభుత్వానికి కట్టాల్సింది మీరే.

కొంటున్నానని మీరు ఎప్పటిలోగా, ఎలా తెలియజేయాలో కూడా రాయించండి. గడువుకు 90 రోజుల ముందు రిజిస్టర్డ్ పోస్టులో పంపడం, లోను కోసం మరో 60 రోజులు ఇవ్వడం మేము పెట్టుకున్న షరతు. మా బ్యాంకు న్యాయవాది లింకు డాక్యుమెంట్లు, అంటే ఆ ఇంటి పాత యజమానుల నాటి పత్రాలు, చూడడానికే ఏడు వారాలు తీసుకున్నారు.