4 నెలల పాప గంటకోసారి లేస్తుంటే

బాగా పడుకునే పాప 4వ నెల రాగానే గంటకోసారి లేస్తోందన్నారు కదండీ, ఇందులో మీ తప్పేమీ లేదు, టెన్షన్ పడకండి. ఈ వయసులో నిద్ర తీరే మారుతుంది. గంటలోపే ఒక విడత నిద్ర ముగిసి పాపకు సగం మెలకువ వస్తుంది. ఊపి నిద్రపుచ్చి ఉంటే అప్పుడూ ఆ ఊపే కావాలంటుంది. అందుకే కళ్లు మూతలు పడుతుండగానే, పూర్తిగా నిద్రపోకముందే వెల్లకిలా పడుకోబెట్టి చూడండి. కదలగానే ఎత్తుకోకండి. కళ్లు మూసుకునే మూలిగి, తల అటూ ఇటూ తిప్పి మళ్లీ పడుకునే పిల్లలు చాలామంది. ఏడుపు పెరిగితే మాత్రం వెంటనే ఎత్తుకోండి. పగలు రెండు గంటలకు మించి మేలుకొని ఉంటే అలిసిపోయి ఇంకా మొండికేస్తారు. బోర్లా పడే ప్రయత్నం మొదలైతే గుడ్డలో చుట్టడం ఆపేయాలి, ఇది మర్చిపోవద్దు. సాధారణంగా కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. జ్వరం వచ్చినా, పాలు తాగడం తగ్గినా డాక్టరుకి చూపించండి.