దీపం ఆరినంకనే నీళ్లెందుకు ఎక్కినయి?

హనుమకొండ

బిడ్డా,

నువ్వు పంపిన నాలుగు వ్యాసాలూ అందాయి. రెండేసి సార్లు చదివాను. ఉత్తరం చివర "చిన్న క్లాసుల సైన్సే కదా సార్, భాష ఒక్కటి చూసిపెడితే చాలు" అని రాశావు. భాష సంగతి తర్వాత చూద్దాం. ముందు నా పరువు పోయిన ముచ్చట ఒకటి విను.

నేను బడిలో చేరిన కొత్తలో ఒక పత్రిక పిల్లల పేజీకి రాసేవాణ్ణి. కొవ్వొత్తి ప్రయోగం నీకు తెలుసు కదా. పళ్లెంలో నీళ్లు పోసి, మధ్యలో కొవ్వొత్తి వెలిగించి, దాని మీద గ్లాసు బోర్లిస్తాం. కాసేపటికి దీపం ఆరిపోతుంది, గ్లాసులోకి నీళ్లు ఎక్కుతాయి. నేను దాని మీద వ్యాసం రాశాను. గాలిలో ఐదో వంతు ఆక్సిజన్, మంట దాన్ని వాడేసుకుంది, ఖాళీ అయిన ఆ ఐదో వంతులోకి నీళ్లు వచ్చాయి అని లెక్కతో సహా తేల్చేశాను. నేను చదువుకున్న పుస్తకంలో అట్లాగే ఉంది. నేను మాత్రం ఒక్కసారి కూడా చేసి చూడలేదు.

వ్యాసం అచ్చయింది. ఆ సంతోషంలో పరకాల వైపు ఒక ఊరి బడికి పోయి పిల్లల ముందు చేసి చూపించాను. చప్పట్లు కొట్టారు. వెనక బెంచీలో నాలుగో తరగతి పిల్ల ఒకతి లేచి, "సార్, దీపం ఆరినంకనే నీళ్లు జర్రున ఎక్కినయి. మండేటప్పుడు ఎందుకు ఎక్కలే?" అంది.

నా దగ్గర జవాబు లేదు. "కూర్చో, తర్వాత చెప్తా" అన్నాను. మన వృత్తిలో ఎక్కువగా వాడే అబద్ధం ఇదే.

నా లెక్క నిజమైతే, మంట ఆక్సిజన్‌ను తినే కొద్దీ నీళ్లు నెమ్మదిగా పెరగాలి. అట్లా జరగలేదు. ఇంటికొచ్చి ఆ రాత్రి నేనే చేసి చూశాను. గ్లాసు బోర్లించగానే అంచు దగ్గర రెండు మూడు బుడగలు బయటికి వచ్చాయి. ఒక కొవ్వొత్తికి బదులు మూడు పెట్టాను. గ్లాసు అదే, గాలి అంతే, కానీ నీళ్లు ఇంకా పైకెక్కాయి. ఆక్సిజన్ లెక్క అక్కడే కూలిపోయింది. మంట వేడికి గాలి వ్యాకోచించి కొంత బయటికి పోతుంది. అవే ఆ బుడగలు. దీపం ఆరాక లోపల మిగిలిన గాలి చల్లబడి కుంచించుకుపోతుంది, బయటి గాలి నీళ్లను లోపలికి నెడుతుంది. ఆక్సిజన్ పూర్తిగా అయిపోకముందే దీపం ఆరిపోతుంది. పైగా అది మండినప్పుడు కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి పుడతాయి. అది వేరే కథ.

సవరణ రాసి పంపాను, అచ్చు కాలేదు. నా వ్యాసం చదివిన పిల్లలకు ఇప్పుడు పిల్లలు పుట్టి ఉంటారు. వాళ్లలో ఎంతమంది ఆ ఐదో వంతు లెక్కను ఇంట్లో అప్పజెప్తున్నారో తలుచుకుంటే ఇప్పటికీ నాకు టెన్షనే.

ఇక నీ వ్యాసాలు.

రామప్ప గుడి ఇటుక మీద రాసింది అన్నిటికంటే బాగుంది. ఎత్తుగడ నాకు నచ్చింది. కానీ మొదటి పేరా నిండా 1213లో రేచర్ల రుద్రుడు కట్టించాడు, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది అని నింపావు. అవన్నీ నిజాలే. మూడో తరగతి పిల్లకు మాత్రం నీళ్లలో తేలే ఇటుక ముందు ఇవేవీ ఆనవు. తేలే ఇటుకతో మొదలుపెట్టు, సంవత్సరం ఎక్కడో చివర వస్తుంది.

అసలు తప్పు తర్వాత ఉంది. "ఈ ఇటుకలు బరువు తక్కువ కాబట్టి తేలతాయి" అని రాశావు. అయితే ఆ పిల్ల అడుగుతుంది, మేకు ఇటుక కంటే ఎంతో తేలిక కదా, అదెందుకు మునుగుతుంది? లక్నవరంలో పది మందిని మోసే పడవ ఎట్లా తేలుతుంది? నీ వాక్యం దగ్గర దీనికి జవాబు లేదు. చూడాల్సింది ఒట్టి బరువు కాదు, ఎంత చోటుకు ఎంత బరువు అన్నది. అంతే చోటు పట్టే నీళ్ల కంటే వస్తువు తేలికైతే తేలుతుంది. ఈ మాట పిల్లకు చెప్పేముందు చేయించు. గుడి ఇటుక ఎవరూ ఊడబెరికి ఇవ్వరు, ఇంట్లో ఉన్నవాటితోనే కానివ్వు. స్టీలు గిన్నె, స్టీలు చెంచా, గింజలు ఒలిచిన మక్కబెండు, ఒక బకెట్ నీళ్లు. గిన్నె తేలుతుంది, దాని కంటే ఎంతో తేలికైన చెంచా మునుగుతుంది. పిల్ల అక్కడ ఆగిపోయి ఆలోచిస్తుంది. నువ్వు వెంటనే జవాబు చెప్పకు, ఒక పేరా ఆగు.

తర్వాత మామూలు ఇటుక ముక్క ఒకటి బకెట్లో వేయించు. బుడబుడమని బుడగలు వస్తాయి. అంటే దాంట్లోనూ సందులున్నాయి, వాటిలో గాలి ఉంది. మరి రామప్ప ఇటుక లాగా ఇదెందుకు తేలలేదు? మామూలు ఇటుకలో మట్టి పాలు ఎక్కువ, సందుల పాలు తక్కువ. అంతే చోటు పట్టే నీళ్ల కంటే అది దాదాపు రెట్టింపు బరువుంటుంది. రామప్ప ఇటుకలో సందులు ఎక్కువ. ఈ పోలిక నీ వ్యాసంలో లేదు. పెడితే వ్యాసం దానంతటదే నిలబడుతుంది. సద్దుల బతుకమ్మ నాడు చెరువులో తాంబాలంతో సహా వదిలిన బతుకమ్మ అంత పూల బరువుతో ఎట్లా తేలుతూ పోతుందో అడిగి వదిలెయ్. దానికి జవాబు రాయకు.

ఇప్పుడు భాష. బాష్పీభవనం, సాంద్రీకరణం, సాంద్రత, ఈ మూడూ నీ ఆవిరి వ్యాసంలో ఒక్క పేజీలోనే ఉన్నాయి. సాంద్రీకరణం అంటే ఆవిరి నీరవడం, సాంద్రత అంటే ఎంత చోటుకు ఎంత బరువన్నది. వినడానికి అక్కాచెల్లెళ్లలా ఉంటాయి కానీ చుట్టరికం దూరపుది. పిల్లకు రెండూ కలగాపులగం అవుతాయి. పరీక్షలో ఆ మాటలే రాయాలి కాబట్టి తీసెయ్యమని అనను. ముందు పిల్లకు తెలిసిన మాటతో పని కానివ్వు. తీగ మీద బట్టలు ఆరడం, అలికిన వాకిలి ఎండలో తెల్లబడటం, ఫ్రిజ్‌లోంచి తీసిన సీసా బయట చెమర్చడం, ఇవన్నీ చూసినవే. చూసినదానికి పేరు పెట్టేటప్పుడు మొదటి రెంటికీ ఒక్కసారి బాష్పీభవనం అను, సీసా చెమర్చడానికి సాంద్రీకరణం అను. పేరు ముందొస్తే పిల్ల బట్టీ పడుతుంది. వస్తువు ముందొస్తే పేరు గుర్తుంటుంది. బడిలో ముప్పై ఏళ్లు చూశాను కాబట్టి ఇంత ధైర్యంగా చెప్తున్నాను.

అదే వ్యాసంలో "కెటిల్ నుంచి తెల్లని ఆవిరి వస్తుంది" అన్నావు. చాయ్ బండి దగ్గర ఒకసారి నిలబడి చూడు. కెటిల్ మూతికీ ఆ తెల్లటి పొగకూ మధ్య వేలెడంత ఖాళీ కనిపిస్తుంది. నిజమైన ఆవిరి ఉన్నది ఆ ఖాళీలో, అది కంటికి కనిపించదు. తెల్లగా కనిపించేది చల్లబడి మళ్లీ నీళ్లయిన సన్నటి తుంపర. ఆ ఖాళీని పిల్లకు చూపిస్తే నీ వ్యాసంలో సగం పని అయిపోయినట్టే. వేలు మాత్రం దగ్గరికి పెట్టొద్దని రాయి, కాలుతుంది.

చెట్ల వ్యాసం గురించి క్లుప్తంగా చెప్తాను. రాత్రి చింతచెట్టు కింద పడుకుంటే దయ్యం పట్టదు, కార్బన్ డయాక్సైడ్ వల్ల ఊపిరాడదు అని రాశావు. దయ్యాన్ని దింపి దాని గద్దె మీద ఇంకో దయ్యాన్ని కూర్చోబెట్టావు. చెట్టు పగలూ రాత్రీ మనలాగే శ్వాసిస్తుంది, రాత్రి ఆక్సిజన్ తయారు చేయదు, అంతవరకూ నిజమే. కానీ ఆరుబయట అది వదిలే కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలిసిపోతుంది, దానికి మనిషి ప్రాణం తీసేంత శక్తి లేదు. వ్యాసం అంతా తిరగరాయి.

చెలిమె మీద నువ్వు రాసిన సగం పేజీ ఎందుకు ఆపేశావు? వాగు ఇసుకలో చేత్తో గుంత తీస్తే పక్కనున్న మురికి నీళ్ల కంటే తేటగా ఊరుతుందని మీ అమ్మమ్మ చూపించిందన్నావు. ఇసుక వడపోత గురించి దానికంటే మంచి పాఠం నాకు తెలియదు. తేటగా ఉన్న ప్రతి నీరూ తాగదగినది కాదన్న ఒక్క మాట మాత్రం కలుపు, కంటికి కనబడని క్రిములను ఇసుక పూర్తిగా ఆపలేదు. దాన్ని పూర్తి చెయ్, మిగతావి తర్వాత.

చివరిది ఎండాకాలం వ్యాసం. "సూర్యుడు దగ్గరికి వస్తాడు కాబట్టి ఎండలు" అని మొదలుపెట్టావు. భూమి సూర్యుడికి అన్నిటికంటే దగ్గరగా ఉండేది జనవరి మొదట్లో, మనం చలికి స్వెట్టర్లు వేసుకునే రోజుల్లో. జులై మొదట్లో అన్నిటికంటే దూరం. తేడా దాదాపు 50 లక్షల కిలోమీటర్లు. ఎండ తీవ్రత ఆ దూరాన్ని బట్టి కాదు, భూమి వంపును బట్టి. సూర్యుడు నడినెత్తికి ఎంత దగ్గరగా వస్తాడు, పగలు ఎంతసేపు ఉంటుంది అన్నదాన్ని బట్టి. ఇది మాటల్లో రాస్తే నాకే నిద్రొస్తుంది. చేసి చూడాలి.

మన ఊరు దాదాపు 18 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. కాబట్టి మే 12 అటూ ఇటూ మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా మన నెత్తి మీదికి వస్తాడు. జులై నెలాఖరులోనో ఆగస్టు మొదట్లోనో ఇంకోసారి వస్తాడు కానీ అప్పుడు మబ్బులు చూడనివ్వవు. మేలో ఆ రోజు మధ్యాహ్నం నిలువుగా పెట్టిన కర్రకు నీడ ఉండదు. గడియారంలో పన్నెండు కొట్టినప్పుడు కాదు, 12 గంటల 8 నిమిషాల ప్రాంతంలో. దేశమంతటి గడియారాలకు టైము లెక్కగట్టే రేఖాంశం మనకు తూర్పున ఉంది, అందుకే ఆలస్యం. ఆ నిమిషాల లెక్క వ్యాసంలో పెట్టాలా వద్దా అన్నది నాకూ తేలలేదు.

మే రెండో వారంలో ఒకరోజు వీలు చూసుకుని రా. పదకొండు గంటలకల్లా మా డాబా మీదుండాలి. స్టీలు గ్లాసు ఒకటి బోర్లించి దాని నీడ చుట్టూ సుద్దముక్కతో గీతలు గీద్దాం. మీ క్లాసు పిల్లలను కూడా ఇద్దరు ముగ్గురిని వెంట తీసుకురా, ఎదురు ప్రశ్నలు వేసేవాళ్లయితే మరీ మంచిది. చెప్పులు విడవొద్దని ముందే చెప్పు, ఆ టైముకు మా డాబా పెనంలా ఉంటుంది. రంజన్‌లో నీళ్లు నింపి పెడతాను.

ఆశీస్సులతో,
మీ సార్