జ్వరం తగ్గింది కదా, బీచ్ రోడ్డులో పరుగు మొదలెట్టొచ్చా?

ప్రశ్న: నా వయసు 43. విశాఖ ఎంవీపీ కాలనీలో ఉంటాం. ఎనిమిది నెలలుగా రోజూ పొద్దున్నే బీచ్ రోడ్డులో 5 కిలోమీటర్లు జాగింగ్ చేస్తున్నాను. ఈసారి నేవీ మారథాన్‌లో 10 కిలోమీటర్లకు పేరు ఇద్దామనుకున్నాను. ఇంతలో వైరల్ ఫీవర్ వచ్చి ఐదు రోజులు 102 దాకా కాసింది. డెంగీ, మలేరియా కాదన్నారు. జ్వరం పోయి మూడు రోజులైంది కానీ రెండంతస్తులు ఎక్కితే ఆయాసం, పిక్కల్లో లాగుడు. "ఓసారి చెమట పట్టేలా పరిగెత్తు, ఒంట్లో ఉన్నదంతా పోతుంది" అంటున్నారు తోటి వాకర్లు. ఇన్ని నెలల కష్టం వృథా అవుతుందేమోనని టెన్షన్‌గా ఉంది. నొప్పులకు మాత్ర వేసుకుని మొదలెట్టొచ్చా?

సలహా: ముందు ఆ మాత్ర సంగతి. నొప్పి తెలియకుండా చేసుకుని పరిగెత్తడమంటే, ఒళ్లు "ఇక ఆగు" అని చెప్పేది వినకుండా చెవులు మూసుకోవడమే. పైగా మాత్ర వేసుకుంటే లోపల జ్వరం ఉన్నా బయటికి తెలియదు. కాబట్టి వద్దు.

చెమట వైద్యం కూడా వద్దు. చెమటలో పోయేది నీరు, ఉప్పు. వైరస్ కాదు. అందులోనూ మన వైజాగ్ గాలిలో తేమకి పట్టిన చెమట ఆరదు, ఒంటి వేడి దిగదు. చర్మానికి రక్తం పంపడానికి గుండె మరింత కష్టపడాలి. జ్వరం ఒక్క సెల్సియస్ డిగ్రీ పెరిగితేనే నాడి నిమిషానికి సుమారు పదిసార్లు ఎక్కువ కొట్టుకుంటుంది. మీ గుండె ఐదు రోజులు మంచం మీదే జాగింగ్ చేసింది అనుకోండి.

ఇక కష్టం వృథా అయిందన్న బెంగ. పడుకున్నప్పుడు మొదట తగ్గేది రక్తంలోని ద్రవభాగం. మెట్లెక్కితే ఆయాసం రావడానికి అదొక కారణం. తిండీ నీళ్లూ సరిగ్గా పడితే అది త్వరగానే తిరిగొస్తుంది. దమ్ము రెండు వారాల్లో కొంత తగ్గుతుంది, నిజమే. కానీ కండబలం మూడు వారాలు ఆగినా చాలావరకు అలాగే ఉంటుంది. ఎనిమిది నెలల సాధన పది రోజుల్లో ఎక్కడికీ పోదు.

ఇప్పుడు ఏం చేయాలంటే, పొద్దున్న మెలకువ రాగానే, పక్క మీద నుంచి లేవకముందే మణికట్టు దగ్గర నాడి పట్టుకుని నిమిషం పాటు లెక్కపెట్టండి. జ్వరానికి ముందు ఎంత ఉండేదో మీ చేతి వాచీలో ఉండే ఉంటుంది. దానికంటే ఎనిమిదో పదో ఎక్కువుంటే ఇంకా కోలుకోలేదని అర్థం. ఈ వారం జాగింగ్ ఊసెత్తకండి. కాళీమాత గుడి దగ్గర చదునైన దారిలో పది, పదిహేను నిమిషాలు నింపాదిగా నడవండి. పక్కవాళ్లతో ఆగకుండా మాట్లాడగలగాలి, అదీ వేగం.

అసలు పరీక్ష ఆ రోజు కాదు, మర్నాడు. మామూలుగా లేవగలిగితే రెండు రోజులకోసారి ఐదు నిమిషాలు పెంచండి. ఒళ్లు హూనమైతే సగానికి తగ్గించండి. నా అనుభవంలో ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. ఒక్కపూట ఉషారుగా అనిపించగానే పాత లెక్కకి వెళ్లిపోయి, తర్వాత నాలుగు రోజులు పడుకుంటారు. అరగంట నడక సులువయ్యాక నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడక. పాత 5 కిలోమీటర్లకి మూడు వారాలు పట్టినా కంగారు పడకండి. కైలాసగిరి మెట్లు అన్నిటికన్నా చివర.

తిండి గురించి పెద్దగా చెప్పేదేం లేదు. చోడి (రాగి) అంబలి, మజ్జిగ, పప్పు, గుడ్డు, చేప, ఏది సహిస్తే అది. పథ్యం పేరుతో చారన్నంతో సరిపెట్టకండి, కండకి మాంసకృత్తులు కావాలి.

ఒక్క విషయంలో మాత్రం ఆలస్యం వద్దు. కొన్ని వైరస్‌లు అరుదుగా గుండె కండరానికి వాపు తెస్తాయి. దాన్ని మయోకార్డైటిస్ అంటాం. ఛాతీలో నొప్పి లేదా బరువు, కూర్చున్నా గుండెదడ, కళ్లు తిరిగి పడిపోవడం, పడుకుంటే ఊపిరాడకపోవడం, కాళ్ల వాపు, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. ఈసీజీ, ట్రోపోనిన్ అనే రక్తపరీక్ష, ఎకో (గుండె స్కానింగ్) చేస్తారు. వాపు ఉందని తేలితే మూడు నుంచి ఆరు నెలలు పరుగు మానేయాలి. మీ ఆయాసం రోజురోజుకీ తగ్గుతుంటే ఫర్వాలేదు. వారంలో తగ్గకపోయినా, పెరిగినా ఈసీజీ తీయించుకోండి. బీపీ, షుగర్ ఉన్నాయో లేదో మీరు రాయలేదు. 43 ఏళ్లు కాబట్టి పనిలో పనిగా అవీ చూపించుకోండి.

మారథాన్‌లో 5 కిలోమీటర్ల విభాగం కూడా ఉంటుంది. పేరు ఇచ్చే నాటికి మీ నాడి ఏం చెబుతుందో చూసి తేల్చుకోండి. ఈలోగా తోటి వాకర్లతో కబుర్లు కావాలంటే బీచ్ గోడ మీద కూర్చోండి. దగ్గు ఇంకా ఉంటే మాస్కు పెట్టుకుని వెళ్లండి.